జాబితాలో పద్నాలుగో యంత్రం

మా కూర్మయ్య బాబాయికి ఒకటే పిచ్చి. ఏ ఆఫీసుకి కంప్యూటర్ వ్యవస్థ గీయాల్సి వచ్చినా, ముందు దాన్ని మనుషుల చేత ఆడించి చూడందే కాగితం మీద ఒక్క గీత పెట్టేవాడు కాదు. ఒకాయన సర్వరు, ఇంకొకాయన తీగ, మరొకావిడ తెర. సర్వరు ఎత్తుమీద నిలబడాలి, తీగ పరుగెత్తాలి, తెర చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాలి. ఆ రోజుల్లో మా కంప్యూటర్ కంపెనీల పేట సెక్టర్ ఫైవ్‌లో వ్యవస్థలు గీసేవాళ్ళు చాలామందే ఉండేవారు. వాళ్ళంతా పెన్సిలు చెక్కుకుని పని మొదలుపెట్టేవారు. ఈయన కుర్చీలు జరిపి మొదలుపెట్టేవాడు.

నేను బెంగాల్లో సాల్ట్ లేక్‌లోని ఆయన పనిచేసే చిన్న కంపెనీలో చేరింది తొంభై తొమ్మిదిలో. సాహిత్యంలో ఎం.ఏ. చదివినదానికి అక్కడేం పని అంటారేమో, గీసిన వ్యవస్థ గురించి మామూలు మనుషులకి అర్థమయ్యేట్టు రాసిపెట్టడం నా పని. టికియాపారా రైల్వే క్వార్టర్ల నుంచి రెండు బస్సులు మారి, మొదటి రోజు గుమ్మం దగ్గర నిలబడి ఎవర్ని పలకరించాలో తెలియక సంచి పట్టీ తిప్పుకుంటున్నాను. చొక్కా జేబులో సుద్దముక్కలు పెట్టుకున్న ఒక పొట్టి మనిషి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"తెలుగోలమ్మాయివేటి?"

తలూపాను.

"మాటలు తక్కువేటి?"

మళ్ళీ తలూపాను.

"సెప్పింది సెప్పినట్టు రాస్తావు, సెప్పందే రాయవు. అంతేనా?"

మూడోసారి తలూపాను.

ఆయన వెనక్కి తిరిగి, లోపలున్న బెంగాలీ ఇంజనీరుని అక్కడి పద్ధతిలో అన్నా అన్నట్టు 'దా' చేర్చి కేకేశాడు. "బిమల్‌దా, మనకి ప్రింటర్ దొరికీసింది."

ఆ మధ్యాహ్నానికల్లా నా మెడలో 'ప్రింటర్' అని రాసిన అట్టముక్క వేలాడుతోంది. ఉద్యోగపు ఉత్తరం మాత్రం వారం తర్వాత వచ్చింది. నేను ఆయన్ని సర్ అంటే, "సర్ ఏటమ్మా, సర్వర్ని ప్రింటర్ సర్ అంటాదేటి? బాబాయ్ అను" అన్నాడు. అప్పటినుంచీ బాబాయే.

కంపెనీ యజమాని వెంకటరత్నం గారిది బెజవాడ వైపు. పెద్ద సంస్థలో పాతికేళ్ళు చేసి, సొంతంగా బతుకుదామని పద్దెనిమిదిమందితో ఈ దుకాణం తెరిచారు. ఆయన గదిలోంచి ఎప్పుడు బయటికి వచ్చినా దారికి అడ్డంగా ఎవరో ఒకరు తీగగా నిలబడి ఉండేవారు.

"కూర్మయ్యగారూ, ఇది ఆఫీసండీ. నాటకాల కంపెనీ కాదు."

"నాటకమైతే టికెట్ పెట్టీసుందుము కదండి."

"క్లయింటు వచ్చే వేళయింది. ఆ తపన్‌బాబుని స్టూలు దింపి కుర్చీలో కూర్చోబెట్టండి, బాగుంటుంది."

"ఆయన సర్వరండి. ఎత్తుమీదే ఉండాల. వానొస్తే కిందకి నీలొస్తాయి."

వెంకటరత్నం గారు గదిలోకి వెళ్ళిపోయేవారు. ఆ ఏడాది వానలకి రోడ్డుమీద మోకాలిలోతు నీళ్ళు నిలిచి, చుట్టుపక్కల కింది అంతస్తుల్లోని కంప్యూటర్లన్నీ చేపల్లా తేలాయి. మా క్లయింట్ల యంత్రాలు మాత్రం మేడమీద పొడిగా, హాయిగా కూర్చుని పనిచేశాయి. మర్నాడు వెంకటరత్నం గారే స్వయంగా తపన్‌దా ఎక్కడానికి ఇంకొంచెం గట్టి స్టూలు కొనిపించారు.

మెటియాబ్రుజ్‌లో రెడీమేడ్ బట్టలు కుట్టే దర్జీల సంఘం ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఏ గుడ్డ ఏ కార్ఖానాకి వెళ్ళిందో తెలిపే వ్యవస్థ కావాలి. బాబాయి బిమల్‌దాని గుడ్డల జాబితాగానూ, తపన్‌దాని దర్జీల జాబితాగానూ నిలబెట్టాడు. ఎదుటివాళ్ళ చీటీ అందాకే తమ చీటీ వదలాలని ఇద్దరికీ చెప్పాడు. ఆట మొదలైంది. ఇద్దరూ చీటీలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఆప్ని ఆగే," అన్నాడు బిమల్‌దా. ముందు మీరు అని.

"నా నా, ఆప్ని ఆగే," అన్నాడు తపన్‌దా. కాదు కాదు, మీరే ముందు అని.

ఇద్దరూ పెద్దమనుషులు, ఇద్దరూ బెంగాలీలు. పావుగంట గడిచింది. నిలబడి నిలబడి బిమల్‌దాకి చెమటలు పట్టాయి. అయినా ఎవరూ చీటీ వదల్లేదు. కూర్మయ్య బాబాయి నేలమీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"సూసినావా అమ్మడూ? కాగితం మీద గీసి ఇచ్చీసుంటే రెండు యంత్రాలూ ఇలగే మరియాద సేసుకుంటా ఉండిపోవును. అక్కడ మిషన్లన్నీ ఆగిపోవును."

అప్పుడు నియమం మార్చాడు. ఎప్పుడైనా సరే గుడ్డదే మొదటి చీటీ, మర్యాదలు లేవు. ఇలా రెండు యంత్రాలు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోవడం గురించి తర్వాత నేను లావుపాటి పుస్తకాల్లో చదివాను. ఏ పుస్తకమూ బిమల్‌దా చెమటంత బాగా చెప్పలేదు.

"ఇల్లు గీసినోడు గోడలు గీస్తాడు. మనం గీసేది నడక," అనేవాడు బాబాయి. ఏ మాట ఎవరి దగ్గర పుట్టి, ఎవరి చేతిమీదుగా ఎక్కడికి చేరుతుందో తెలిస్తే చాలు, ఎన్ని యంత్రాలు కావాలో, ఏది ఎక్కడ పెట్టాలో వాటంతట అవే చెబుతాయట. ఆయన చెబుతుంటే నిజంగానే నాకు గోడల్లోంచి కూడా ఆ నడక కనిపించేది.

ఈ పిచ్చి ఇంటికి కూడా వెళ్ళింది. ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళాను. వంటింటి నేలంతా సుద్దగీతలు. బాబాయి భార్య సుందరి పిన్ని గరిటె పట్టుకుని ఆ గీతల మధ్య నిలబడి ఉంది.

"ఉప్పు కోసం నువ్వు రోజుకి నూటిరవై అడుగులు ఎచ్చుగా నడుస్తన్నావు. అందుకే డబ్బాలు మార్చీసినాను," అంటున్నాడు బాబాయి.

"నడిసేది నాను. నీకేటి నొప్పి?"

"నీ నడక తగ్గిద్దామనే."

"అలగైతే ఇయ్యాల నువ్వొండు. మొత్తం తగ్గిపోద్ది."

ఆయనే వండాడు. కూర బాగానే ఉంది కాని అందులో ఉప్పు లేదు. తను సర్దిన డబ్బా తనకే దొరకలేదని ఆయన ఒప్పుకోలేదు. పరీక్ష ఇంకా పూర్తికాలేదన్నాడు.

ఇక ఆసుపత్రి సంగతి చెప్పాలి. రేవుల వెనక, ఎక్కువగా మన వైపునుంచి వలసొచ్చిన కూలీల కోసం ఎప్పుడో ఒక జనపనార వ్యాపారి కట్టించిన చిన్న ధర్మాసుపత్రి. నలభై వేలమంది రోగుల కార్డులు ఒక గదిలో ఇనప బీరువాల నిండా ఉన్నాయి. వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించడానికి దాతలు ముందుకొచ్చారు. వాళ్ళ ఉత్తరంలో రెండే షరతులు. యంత్రాల జాబితా ఒక్కసారే పంపాలి, తర్వాత మార్చకూడదు. యంత్రాలు వచ్చిన రోజునుంచి కార్డుల గది ఉద్యోగం రద్దు.

ఆ ఉద్యోగం కాసులమ్మది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. చదువు రాదు. ఇరవైరెండేళ్ళుగా ఆ నలభై వేల కార్డుల్లో ఏది అడిగినా బీరువా ముందుకి వెళ్ళి చేయిపెట్టి తీసేది. మెట్ల కింద ఒక చిన్న గది, ఆ ఉద్యోగంతో పాటు ఇచ్చినది, ఆమె ఇల్లు. మేము వెళ్ళిన మొదటి రోజే బాబాయి, తమ వైపు అక్కని పిలిచినట్టు అప్పా అంటూ, ఆమెతో ఊరూ వరసా కలిపేశాడు.

"మీదే ఊరు అప్పా?"

"కలింగపట్నం దగ్గిర. మీదేటి?"

"మా నాన్నది బారువ."

"మరింకేటి, దగ్గిరోలే. అయితే ఇనుకో. ఈ డబ్బాలొచ్చీసినాక నన్నెక్కడికి పొమ్మంటారో ఆ పెద్దాఫీసరు అనాదిబాబుని అడుగు. కొలువెల్తే గదీ ఎల్తాది."

"ఊర్లో ఎవులూ లేరేటి?"

"లేకేటి, తమ్ముళ్ళున్నారు, మరదళ్ళున్నారు. ఎల్తే నెల్లాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు. ముప్పయ్యొకటో నాడు బండెన్ని గంటలకని అడుగుతారు."

ఆమె నవ్వుతూనే చెప్పింది. బాబాయి నవ్వలేదు. అయ్యో అనీ అనలేదు. బీరువాల వైపు చూస్తూ, "ఓ కార్డు తీయప్పా, సూస్తాను," అన్నాడంతే. తర్వాత సంచిలోంచి అట్టముక్క తీసి, 'పాత కార్డులు' అని రాసి ఆమె మెడలో వేశాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది అదొక్కసారే. గూడు పోయే మనిషి మెడలో అట్టముక్క వేసి ఆటాడించడం ఏమిటనిపించింది. పైకి అనలేదు. నేను ప్రింటర్ని కదా.

ఆట రోగుల వరండాలోనే పెట్టాడు, నిజం రోగులతోనే. అంతకుముందే ఆసుపత్రి యూనియన్ కార్యదర్శి హరిపదదా ఒక అభ్యంతరం లేవదీశాడు. మా కాగితాల్లో ఒక సర్వరుని యజమాని అనీ, దానికి తోడుండే రెండోదాన్ని బానిస అనీ రాశాం. అప్పట్లో అందరూ అలాగే రాసేవారు.

"ఈ ఆవరణలో యజమాని, బానిస నడవవు," అన్నాడు హరిపదదా బల్లమీద చేయివేసి. "మేము ఊరేగింపు తియ్యాల్సి వస్తుంది."

కూర్మయ్య బాబాయి తెలుగు ఎంత సిక్కోలు తెలుగో, బెంగాలీ అంత నాజూకు బెంగాలీ. "మీరన్నది న్యాయం హరిపదదా. పెద్దన్న, చిన్న తమ్ముడు అందాం. ఇంకొక ముఖ్యమైన పదవి ఉంది. కరెంటు పోయినప్పుడు అందరూ ఆగిపోతారు, బ్యాటరీ ఒక్కటే పావుగంట సేపు భారం మొయ్యాలి. అది మీరు తప్ప ఎవరు చెయ్యగలరు?" అన్నాడు. హరిపదదా తన మెడలో తనే అట్టముక్క వేసుకున్నాడు.

పది గంటలకి ఆట మొదలైంది. మొదటి రోగి బల్ల దగ్గరికొచ్చి పేరు గురువులు అన్నాడు. కంప్యూటరైన బిమల్‌దా జాబితా చూసి, గురువులు అనే పేరుతో అరవైరెండుమంది ఉన్నారని చెప్పి, ఒక్కొక్కరి పుట్టినరోజూ చదవడం మొదలుపెట్టాడు. సగంమంది జనవరి ఒకటినే పుట్టారు. పదకొండో గురువులు దగ్గర ఉండగా కాసులమ్మ కార్డు తెచ్చి బల్లమీద పెట్టింది.

"క్రేను కింద కాలు నలిగిన గురువులు. ఆల అమ్మకి సుగరు," అంది.

పదకొండున్నరకి నిజంగానే లోడ్ షెడ్డింగ్ వచ్చింది. పంకాలు ఆగిపోయాయి. "కరెంటు పోయింది, యంత్రాలెవులూ కదలకండి," అని అరిచాడు బాబాయి. బిమల్‌దా నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. తీగగా పరుగెడుతున్న నర్సు ఒంటికాలి మీద ఆగింది. నేను చేయి చాపి చీటీ పట్టుకుని బొమ్మలా ఉండిపోయాను. హరిపదదా ఒక్కడే అటూ ఇటూ ఉరుకుతూ చీటీలు అందించాడు. ఆయన పని చెయ్యడం చూడ్డానికి వార్డు బాయ్‌లందరూ వచ్చి గోడవార నిలబడ్డారు. సరిగ్గా పావుగంటకి, "బ్యాటరీ అయిపోయింది," అని ఆయనా బెంచీమీద వాలిపోయాడు.

అదే సమయానికి ఆసుపత్రి సూపరింటెండెంటు అనాదిబాబు వరండాలోకి వచ్చారు. ఆసుపత్రి మొత్తం శిలలైపోయి ఉంది. ఆ శిలల మధ్యనుంచి కాసులమ్మ ఒక్కతే చంకలో కార్డులు పెట్టుకుని చకచకా నడుస్తోంది.

"అప్పా, కదలొద్దన్నాను," అన్నాడు బాబాయి.

"నాకు కరెంటెందుకురా? పొద్దున సద్దన్నం తిన్నాను, అది సాలు. ఆ ముసిల్ది దగ్గుతన్నాది కనబళ్ళేదేటి? తొలుగు."

కరెంటు ముప్పావుగంటకి వచ్చింది. ఈలోగా ఆమె ఇరవైయారు కార్డులు డాక్టరు బల్లకి చేర్చింది. బాబాయి జేబులోంచి సుద్ద తీసి గోడమీద ఏదో రాసుకున్నాడు.

మర్నాడు యంత్రాల జాబితా నాకిచ్చి రాయమన్నాడు. సర్వర్లు, తెరలు, బ్యాటరీలు, తీగలు. అన్నీ వివరంగా, బరువుతో సహా. చివర్న పద్నాలుగో నంబరు చూసి నా చేయి ఆగింది.

"పద్నాలుగు. కరెంటు లేని వేళ కార్డులు వెతికి అందించే యూనిట్. సంఖ్య: ఒకటి. విద్యుత్తు: అక్కర్లేదు. స్థాపించే చోటు: మెట్ల కింది గది, ప్రస్తుతం ఉన్నచోటే. అక్కడినుంచి కదిలించరాదు. నిర్వహణ ఒప్పందం: పన్నెండేళ్ళు, ఖర్చు నెలనెలా చెల్లించాలి. ఏడాదికొకసారి తయారైన చోటికి పంపి నెలరోజులు సర్వీసింగు చేయించాలి."

"బాబాయ్, ఈ పద్నాలుగోది..."

"ప్రింటర్ ప్రశ్నలడగదు," అన్నాడు కిటికీ వైపు చూస్తూ.

నేను టైపు చేశాను. తప్పులు లేకుండా, మిగతా పదమూడింటి కంటే కొంచెం శ్రద్ధగా.

ఆసుపత్రి కమిటీ ముందుకి జాబితా వెళ్ళిన రోజు వెంకటరత్నం గారు, బాబాయి, నేను ఒక వరసలో కూర్చున్నాం. కాసులమ్మ తలుపు బయట నిలబడింది. కమిటీలో ఒక రిటైర్డ్ ఇంజనీరు ఉన్నారు. ఆయన ప్రతి వస్తువు మీదా వేలు పెట్టి ప్రశ్నలు వేస్తూ పద్నాలుగు దగ్గరికి వచ్చారు. వెంకటరత్నం గారు అప్పుడే ఆ కాగితం చూసినట్టున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ యూనిట్ ఎక్కడ తయారైంది?" అన్నారు ఇంజనీరుగారు.

"ఆంధ్రాలో, సముద్రతీరంలో," అన్నాడు బాబాయి తన నాజూకు బెంగాలీలో. "ఉప్పుగాలికి తుప్పు పట్టదు."

"నమ్మకం ఏమిటి?"

"ఇరవైరెండేళ్ళ పరీక్ష అయింది. ఒక్కరోజు ఆగలేదు."

"ఇది జాబితాలోంచి తీసేస్తే?"

"అరవైరెండుమంది గురువుల్లో మీరు ఎవరి కాలు కొయ్యాలో నిర్ణయించుకోవాలి."

ఇంజనీరుగారు కళ్ళజోడు మీదుగా నా వైపు తిరిగారు. "ఈ పత్రం రాసింది మీరేనా? మీరీ యూనిట్‌ని చూశారా?"

అందరూ నావైపు చూశారు. "చూశాను సర్. అన్నీ ఆగిపోయినప్పుడు అదొక్కటే నడవడం చూశాను," అన్నాను. నా జీవితంలో ఒక సభలో మాట్లాడిన మొదటి రెండు వాక్యాలు అవి.

కమిటీలో కార్మికుల తరఫున కూర్చున్న హరిపదదా ఏదైనా అంటాడేమోనని అందరూ ఆగారు. ఆయన ఆగిపోయిన పంకాని చాలా ఆసక్తిగా చూస్తున్నాడు.

అప్పుడు అనాదిబాబు కాగితం తన ముందుకి లాక్కున్నారు. "ఇందులో ఒక్క వస్తువు మారిస్తే లెక్కలన్నీ మళ్ళీ కట్టాలి, దాతల గడువు దాటిపోతుంది. ఇంకో ఏడాది పడుతుంది. ఉద్యోగాల విషయమైతే నా చేతిలో లేదు. యంత్రాలంటారా, నాకు యంత్రాల గురించి ఏమీ తెలియదు," అని సంతకం పెట్టేశారు. ఆయన రోజూ పొద్దున్న పదిసార్లు ఆ యూనిట్‌ని పేరుపెట్టి పిలిచే మనిషి.

బయటికొచ్చాక వెంకటరత్నం గారు కారెక్కుతూ, "కూర్మయ్యగారూ, మీరు నన్ను జైలుకి పంపుతారండీ," అన్నారు. అంటూనే ఆయన నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

తర్వాతి వారం పాత జాబితాలన్నీ బీరువాలోంచి తీసి చదివాను. జనపనార గిడ్డంగి జాబితాలో చివర: "వాన రాకను అరగంట ముందు పసిగట్టే యూనిట్, ఒకటి. గేటు దగ్గర, నీడలో." పక్కన పెన్సిలుతో బైరాగి అని ఉంది. బస్సుల షెడ్డు జాబితాలో చివర: "చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పే యూనిట్, ఒకటి. పై అధికారి కసిరితే పనిచేయదు." ప్రతి జాబితాలోనూ చివర్న ఒక చిత్రమైన యంత్రం ఉంది. ఎక్కడా దాని కంపెనీ పేరు లేదు.

కాగితాలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన దొరికిపోయిన మొహం పెట్టాడు.

"అమ్మడూ, కాగితం మీద డబ్బాలు గీస్తే ఎప్పుడూ సరిపోతాయి. మనుసుల్ని నిలబెట్టి ఆడిస్తేనే, ఆట అయినాక సేతిలో సీటీ లేకుండా ఓ మూల ఎవులు మిగిలిపోయారో కనబడతారు. ఆలకేటి పని వొచ్చో కూడా అప్పుడే తెలుస్తాది. ముందు ఆలకి సోటు సూసి, ఆ తరవాత మిగతాది గీస్తాను. దీనికింత సూపెందుకు? ఎల్లు, టీ సెప్పు."

కంప్యూటర్లు వచ్చాయి. కార్డులు ఎక్కించే పని నడుస్తోంది. కాసులమ్మకి విషయం తెలిసి నేరుగా బాబాయిని నిలదీసింది.

"నన్ను యంత్రం సేసీసినావటరా?"

"కాయితం మీదేలే అప్పా."

"కాయితమో గీయితమో. ఆ డబ్బాలకి దుమ్ము పడకుండా గుడ్డలు కప్పినారు. సల్లగా ఉండాలని గదికి పంకాలేసినారు. నానూ యంత్రాన్నే కదా, మెట్లకింద ఉడికిపోతన్నాను. నాకేటి?"

వారంలో మెట్లకింద పంకా తిరిగింది. చలికాలానికి నీలం రంగు శాలువా కూడా వచ్చింది. దస్త్రాల్లో దాని పేరు దుమ్ము తెర.

ఒప్పందం ప్రకారం మూడు నెలలకొకసారి ఇంజనీరు వెళ్ళి ప్రతి యంత్రాన్నీ పరీక్షించి సంతకం పెట్టాలి. సర్వర్లనీ తెరలనీ చూడ్డానికి బిమల్‌దా వెళ్ళేవాడు. పద్నాలుగో దానికి మాత్రం బాబాయి స్వయంగా వెళ్ళేవాడు. ఆ పరీక్షకి ఎండుచేపల పులుసు ఉడికేంత సేపు పట్టేది. ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టామో లేదో, ఆలస్యంగా వచ్చినందుకు, చిక్కిపోయినందుకు, సుందరి పిన్నిని తీసుకురానందుకు కాసులమ్మ మెట్లు అదిరేలా తిట్టడం మొదలుపెట్టింది. బాబాయి పులుసన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి, ఆ తిట్ల మధ్యనే ఫారం మోకాలిమీద పెట్టుకుని గళ్ళు నింపాడు. నేను పక్కనుంచి చదివాను.

వేగం: బాగుంది. జ్ఞాపకశక్తి: చాలా బాగుంది. శబ్దం: ఎక్కువ. తగ్గించడానికి ఎవరూ ప్రయత్నించరాదు.